టప్‌మన్న నోరు నాదే

నేను ఒక సైలెన్సర్ని. పేరు విని మర్యాదస్తుణ్ణి అనుకునేరు. చప్పుడు చేయకుండా ఉండటమే నా ఉద్యోగం. ఆ ఒక్క పనీ సరిగ్గా చేయలేకపోయాను. ఆ బాధ కడుపులో పెట్టుకుని ఉండలేక మీతో చెప్పుకుంటున్నా. ఓపిక ఉంటే వినండి, లేకపోతే పోనీండి, ఏం అనుకోను. పుట్టినప్పట్నించీ కారు వెనక, కారు కింద బతికినవాణ్ణి. నన్ను ఎవరూ పట్టించుకోకపోవడం నాకు అలవాటే.

నేను పుట్టింది బెజవాడ ఆటోనగర్లో. కంపెనీ సరుకుని కాదండీ, లోకల్ సరుకుని. కరీముల్లా అని ఒక పెద్దాయన రేకు చుట్టి, లోపల చిల్లులు పెట్టిన గొట్టాలు దూర్చి, అటూ ఇటూ మూతలు పెట్టి వెల్డింగు కొట్టాడు. తర్వాత నన్ను ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏదన్నా గలగలమంటే మళ్ళీ కోసేస్తాడన్నమాట. నేను గమ్మునున్నా. "వీడు నోరు మెదపడు," అన్నాడాయన మురిసిపోతూ. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఎక్కడన్నా దాక్కోవాలనిపిస్తుంది.

నన్ను కొనుక్కెళ్ళింది అంకినీడు మాస్టారు. గుడివాడలో డ్రైవింగు స్కూలు ఆయనది. స్కూలంటే పెద్దగా ఊహించుకోకండి. రోడ్డు పక్కన ఒక రేకుల గది, ఒక బల్ల, ఒక పాత పెట్రోలు కారు. కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద ఉన్నట్టే ఎడమవైపు మాస్టారి కాళ్ళ కింద కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. ప్రాక్టీసుకి ఊరి చివర రైసుమిల్లు వాళ్ళ సిమెంటు కళ్ళానికి వెళ్ళేవాళ్ళం. వడ్లు ఆరబోయని రోజుల్లో అదే మా మైదానం. పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి కర్రలు నిలబెట్టి, వాటి మధ్య బండిని వెనక్కీ ముందుకీ హెచ్ అక్షరంలాగా తిప్పడం నేర్పేవాడు మాస్టారు.

నాకు మనుషుల మొహాలు తెలియవండీ. బండి దిగినప్పుడు కాళ్ళు కనపడతాయి, నడిపేటప్పుడు మాటలు వినపడతాయి, మిగతాది చప్పుళ్ళని బట్టి పోల్చుకుంటా, అంతే. దాన్నిబట్టి నాకు అర్థమైంది ఒకటి చెప్తా. మొదటిరోజు టైరు కింద నిమ్మకాయ పెట్టి, స్టీరింగుకి దణ్ణం పెట్టి, వణుకుతూ కూర్చున్న మనిషే, వారం తిరక్కుండా ఎదురొచ్చే ఆటోవాణ్ణి "నీకు లైసెన్సు ఎవడిచ్చాడ్రా" అని అరుస్తాడు. అప్పటికి ఈయనకీ లైసెన్సు వచ్చుండదు.

మాస్టారు మంచివాడే. కోపం ఎక్కువ. కోపం పోయాక తను అరిచానన్న సంగతి కూడా గుర్తుండదు ఆయనకి. తిట్లు తిన్నవాళ్ళకి మాత్రం గుర్తుంటుంది. ఆ తేడా ఆయనకి చాలాకాలం తెలియలేదు.

ఇక అసలు సంగతి. మాస్టారి భార్య శేషారత్నం గారికి దిష్టి పట్టింపు జాస్తి. పటిక ముక్క, ఎండుమిరపకాయలు నల్లగుడ్డలో మూటగట్టి కారు అద్దానికి వేలాడేసింది. చాలాకాలం అక్కడే ఊగింది. ఒకసారి లైసెన్సు పరీక్ష పెట్టే బ్రేకు ఇనస్పెక్టరు చూసి, "అద్దంలో వెనక బండ్లు కనపడాలా, మీ మూట కనపడాలా?" అని గసిరాడు. మాస్టారు ఆ మూట విప్పి, పారేస్తే ఇంట్లో ఊరుకోరు కాబట్టి, స్టీరింగు పక్కన డ్యాష్‌బోర్డు మీదున్న చోకు బొత్తానికి కట్టాడు. ఆ బొత్తం మామూలుగా లోపలికి అణిగి ఉంటుంది, తాడు నిలబడదు. అందుకని కాస్త బయటికి లాగి, దాని మెడకి గట్టిగా చుట్టి ముడేశాడు.

చోకు అంటే తెలియనివాళ్ళకి చెప్తా. పాత బండ్లలో చలికి ఇంజను లేవకపోతే ఆ బొత్తం బయటికి లాగుతారు. గాలి తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ పోతుంది. ఇంజను వేడెక్కాక బొత్తం మళ్ళీ లోపలికి నొక్కేయాలి. మన బండికేమో మెడకి తాడుంది, లోపలికి ఎలా పోతుంది? పొద్దస్తమానం పెట్రోలు ఎక్కువే. ఇంజను తాగలేనిదంతా పచ్చిగానే నా పొట్టలోకి వచ్చేది. నా పొట్ట ఎప్పుడూ నిప్పులాగే ఉంటుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీశారో, లోపల పోగైన ఆవిరి ఒక్కసారి భగ్గుమనేది. బయటికి టప్‌మనేది.

చేసింది ఎవరైనా, టప్‌మన్న నోరు నాదే కదండీ.

సరిగ్గా ఆ వారమే నాంచారమ్మ చేరింది.

ఆవిడ కాళ్ళు నాకు బాగా గుర్తు. రబ్బరు చెప్పులు, ఒకదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. మొగుడు వీరాస్వామికి పాలవ్యాను ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో పాలు ఎత్తుకుని డెయిరీకి పోసేవాడు. అతనికి పక్షవాతం వచ్చి ఒకవైపు పడిపోయింది. అద్దె డ్రైవరు ఒకరోజు వస్తే ఒకరోజు రాడు, పాలు క్యాన్లలోనే విరిగిపోతున్నాయి. డెయిరీవాళ్ళు గట్టిగా చెప్పేశారు, ఉగాదికల్లా ఇంట్లో ఎవరో ఒకరు లైసెన్సుతో బండెక్కకపోతే రూటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తామని. ఇంట్లో ఎవరో ఒకరంటే ఆవిడే. ఇంకెవరూ లేరు.

మొదటి రెండు క్లాసులు కళ్ళంలోనే మెల్లగా నడిచాయి. మూడోసారి రోడ్డెక్కాం. సెకండు గేరులో బాగానే పోతోంది. మలుపు వచ్చింది. "కాలు తియ్యమ్మా, స్పీడు తగ్గించు," అన్నాడు మాస్టారు. కాలు తీసింది. టప్!

ఆవిడ ఉలిక్కిపడి క్లచ్చీ బ్రేకూ అన్నీ వదిలేసింది. బండి రెండు గెంతులేసి ఆగిపోయింది. పక్కన టీకొట్టు దగ్గర ఎవడో, "అక్కా, దీపావళి అయిపోయిందిగా!" అన్నాడు. నలుగురూ నవ్వారు.

"ఏం చేశావమ్మా?" అన్నాడు మాస్టారు.

"ఏం చేయలేదండీ. కాలు తీయమన్నారు, తీశాను."

"కాలు తీసినంత మాత్రాన బాంబులు పేలతాయా? ఇన్నేళ్ళబట్టి నేర్పుతున్నా, ఎవరికీ పేలలేదు!"

నిజమే, ఎవరికీ పేలలేదు. మూట అద్దానికి ఉన్నంతకాలం.

అప్పట్నించి రోజూ అదే తంతు. కాలేజీ కుర్రాళ్ళు వచ్చినప్పుడూ పేలేది. వాళ్ళు మాత్రం ఎగిరి గంతేసేవాళ్ళు, "మాస్టారూ, బండి భలే ఉందండీ, ఇంకోసారి!" అని కావాలనే కాలు తీసేవాళ్ళు. వాళ్ళకి సరదా. నాంచారమ్మకి ప్రతి టప్పూ గుండెలో తగిలేది. పేలినప్పుడల్లా క్లచ్చి వదిలేసేది, బండి ఆగిపోయేది, మాస్టారు అరిచేవాడు. కొన్నాళ్ళకి ఆవిడ కాలు యాక్సిలరేటరు మీంచి తీయడమే మానేసింది. మలుపుల్లో కూడా నొక్కిపెట్టే ఉంచేది. మాస్టారే తన బ్రేకు తొక్కి ఆపాల్సి వచ్చేది.

"నువ్వు మనిషిని చంపుతావు నాంచారమ్మా!" అన్నాడొకరోజు.

ఆవిడ దిగి పక్కన నిలబడింది. పిన్నీసు పెట్టిన చెప్పు మీద కన్నీటి బొట్లు పడటం చూశాను. అన్యాయం కదండీ. నా నోట్లోంచి వచ్చిన చప్పుడికి ఆవిడ తిట్లు తింటోంది. నా పొట్టలో పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటోంది, లోపలంతా మసి. అసలు రోగం పైనుందని నాకు తెలుసు. చెప్పాలంటే నాకున్నది ఒక్కటే మాట, టప్. అది అన్నానంటే మళ్ళీ ఆవిడకే తిట్లు. నోరుండి లాభమేంటి చెప్పండి.

శేషారత్నం గారు సంగతి విని, "నేను చెప్పలే? బండికి దిష్టి తగిలింది. ఆ చిన్నముక్క చాలట్లేదు," అని పటిక ఇంకా పెద్దది తెచ్చి, లావుపాటి తాడుతో మూట కట్టిచ్చింది. పెద్ద మూటకి ఇంకాస్త చోటు కావాలిగా? మాస్టారు బొత్తం మరికాస్త బయటికి లాగి, తాడు ఎక్కువ చుట్లు చుట్టాడు. ఆ రోజు నేను పేల్చిన పేలుడికి మిల్లులో పావురాలన్నీ లేచిపోయాయి.

ఇక లాభంలేదని బండిని మెకానిక్కు జిలానీ షెడ్డుకి తీసుకెళ్ళాడు మాస్టారు. వెళ్ళేముందు ఏం చేశాడో తెలుసా? మూట విప్పి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దిష్టి మూటకి పరాయివాళ్ళ చెయ్యి తగిలితే దాని పవరు పోతుందంట, శేషారత్నం గారి ఆర్డరు. తాడు విప్పగానే బొత్తం బుద్ధిగా లోపలికి వెళ్ళి కూర్చుంది.

జిలానీ పనిమంతుడే. తడిగుడ్డ నా నోటికి అడ్డంపెట్టి ఇంజను రేజు చేసి, జాయింట్ల దగ్గర ఎక్కడన్నా గాలి కారుతోందేమోనని చెవి పెట్టి విన్నాడు. సబ్బునీళ్ళు పూశాడు. ముందు జాయింటు దగ్గర చిన్న బుడగ లేచింది. వాషరు మార్చి బోల్టులు బిగించాడు. ప్లగ్గులు విప్పి చూసి, "నల్లగా ఉన్నాయి మాస్టారూ, పెట్రోలు ఎక్కువ తాగినట్టుందే," అన్నాడు. కార్బొరేటరు విప్పి కడిగాడు. తర్వాత రోడ్డు మీద తిప్పి, కాలు నొక్కీ తీసీ చూశాడు. నేను చప్పుడు చేయలా. ఎలా చేస్తానండీ, పచ్చి పెట్రోలు రావట్లేదుగా.

"బండికి ఏ జబ్బూ లేదు మాస్టారూ," అన్నాడు జిలానీ చేతులు తుడుచుకుంటూ. "నడిపేవాళ్ళ కాలు చూసుకోండి."

"నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడు మాస్టారు.

షెడ్డు బయటికి వచ్చి, మూట మళ్ళీ కట్టేశాడు.

ఆ తర్వాత రెండోసారీ తీసుకెళ్ళాడు. అప్పుడూ మూట జేబులోనే. అప్పుడూ జబ్బు లేదు. మీ ఇంట్లోనూ ఇలాగే కాదూ? డాక్టరు దగ్గరికి వెళ్ళగానే దగ్గు ఆగిపోతుంది. ఇక మాస్టారికి అనుమానం లేదు. నాంచారమ్మతో ఖాయంగా చెప్పేశాడు, "షెడ్డులో నిక్షేపంగా ఉంది, నీ చేతికొస్తేనే పేలుతోంది" అని. కుర్రాళ్ళ చేతిలో పేలిన సంగతి ఆయనకి గుర్తే రాలేదు. ఒకసారి ఒకళ్ళది తప్పని అనుకున్నాక మనుషులు మిగతావి లెక్కలోకి తీసుకోరు. నేను చూసిన లోకం అంతే.

పరీక్షకి ముందురోజు నాంచారమ్మ క్లాసు అయ్యాక దిగలేదు. "నేను రేపు రానండీ," అంది.

"ఏం?"

"నా కాలు మంచిది కాదేమో మాస్టారూ. ఆయన పడిపోయిన రోజు కూడా, నేనెప్పుడూ ఎక్కనిదాన్ని, సరదాగా ఎక్కుతానని వ్యాను ఎక్కానండి. ఇప్పుడు మీ బండి కూడా… నేను ఎక్కాకేగా ఇలా అయింది. రూటు పోతే పోనీండి."

కోపిష్టి మాస్టారు ఈసారి అరవకుండా, "పిచ్చిమాటలు మాట్లాడకు. పొద్దున్నే వచ్చెయ్," అన్నాడు. 'నీ కాలిది తప్పు కాదు' అని మాత్రం అనలేదు. అది నమ్మితేగా అనడానికి. ఒట్టేసి చెప్తున్నా, అప్పుడు నన్ను ఊడబెరికి తూముల్లో పారేసినా సంతోషించేవాణ్ణి.

తెల్లారి వచ్చింది. పిన్నీసు చెప్పులు మాని కొత్త చెప్పులు వేసుకొచ్చింది.

బ్రేకు ఆఫీసు దగ్గర బండ్లన్నీ వరసగా ఎండలో నిలబడ్డాయి. మా వంతు వచ్చింది. మాస్టారు దిగాడు, ఇనస్పెక్టరు ఎక్కాడు. ఎక్కుతూనే, "ఏంటమ్మా ఇది, కారా, పోలేరమ్మ గుడా? ఆ మూట తీసెయ్. గేరు మార్చేటప్పుడు చేతికి అడ్డం," అన్నాడు.

"మాస్టారూ, తీయొచ్చాండీ?" అని కిటికీలోంచి అడిగింది ఆవిడ.

మాస్టారు నసిగాడు. ఇనస్పెక్టరు ముందు ఏమంటాడు? "తియ్యమ్మా," అన్నాడు.

ముడి బిగుసుకుపోయి ఉంది. పంటితో లాగి విప్పింది. టక్‌మని బొత్తం లోపలికి పోయింది. "అయ్యో, లోపలికి పోయిందండీ!" అని కంగారుపడింది.

"పోకేం చేస్తుంది? అది చోకు. ఇంత ఎండలో చోకు లాగి బండి నడుపుతారా ఎవరన్నా? పెట్రోలు పేలి టప్‌టప్‌మంటది," అన్నాడు ఇనస్పెక్టరు మామూలుగా. "ఊఁ, పోనియ్."

నేను కింద నించి మాస్టారి చెప్పులే చూస్తున్నా. మా వెనకాలే రాబోతున్నవి టక్కున ఆగిపోయాయి. ఇక కదల్లేదు.

నాంచారమ్మకి ఇనస్పెక్టరు మాట చెవికెక్కలేదు. భయంలో ఉంది పాపం. మూట ఒళ్ళో పెట్టుకుని బండి కదిలించింది. కర్రల దగ్గరికొచ్చాం. మలుపు. ఇప్పుడు కాలు తీయాలి. ఆవిడ ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టా. కాలు తీసింది.

ఏం లేదు. గాలి వెళ్ళినట్టు మెత్తగా వెళ్ళిపోయింది నాలోంచి.

తర్వాత చూడాలి మీరు ఆవిడ డ్రైవింగు! వెనక్కి తిప్పి, ముందుకి తెచ్చి, ఒక్క కర్రకీ తగలకుండా హెచ్ పూర్తి చేసింది. "బాగా నేర్పాడే మీ మాస్టారు," అన్నాడు ఇనస్పెక్టరు, దిగిపోతూ.

ఆవిడ పరుగెత్తుకొచ్చి మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టింది. "అంతా మీ చలవేనండీ. మీ మూట ఒళ్ళో పెట్టుకున్నా, అదే కాపాడింది. ఒక్క పేలుడూ లేదు! మాస్టారూ, ఇది నాకిచ్చేయండి, మా వ్యానుకి కట్టుకుంటా."

ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని ఎదురు చూశా. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "తీసుకెళ్ళమ్మా," అన్నాడు. అంతే.

ఆవిడ వెళ్ళాక ఆయన స్కూలు ముందు బండి ఆపి, ఆ బొత్తం లాగీ నొక్కీ, లాగీ నొక్కీ చాలాసేపు కూర్చున్నాడు. లాగి కాలు తీసినప్పుడల్లా నేను టప్‌మన్నాను. నొక్కినప్పుడు ఊరుకున్నాను. ఆయన అడుగుతున్నాడు, నేను చెప్తున్నాను. మా ఇద్దరి మధ్య జరిగిన మాటామంతీ అదొక్కటే.

ఇంట్లో భార్యకి కూడా చెప్పినట్టు లేదు. కానీ ఆ తర్వాత క్లాసుల్లో అరుపులు తగ్గాయి. అరవబోయి మధ్యలో ఆగిపోయేవాడు. కుర్రాళ్ళేమో, "మాస్టారికి ఒంట్లో బాలేదా?" అని గుసగుసలు. టప్పులు లేవని వాళ్ళు కూడా డీలాపడ్డారు.

నాకైతే సుఖం లేదండీ. నేను నోరు మూసుకున్నాను సరే. ఆవిడ మాత్రం తన కాలు చెడ్డదని, మూట మంచిదని అనుకుంటూ ఊళ్ళు తిరుగుతోంది. ఇప్పుడు నిజం చెబుదామన్నా నాకా ఒక్క మాటా రాదు. బాగైపోయాను కదా.

ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకి, ఎండ ఎక్కుతున్న వేళ, స్కూలు ముందు మేం ఆగి ఉన్నాం. దూరంగా రోడ్డు మీద వినపడింది. టప్. మళ్ళీ టప్. నాలాంటివాడి గొంతే. మలుపు తిరిగి పాలవ్యాను వచ్చింది, అదీ పాత పెట్రోలు వ్యానే. పాలక్యాన్లు గలగలమంటున్నాయి. నాంచారమ్మ!

మాస్టారు కుర్చీలోంచి లేవడం, రోడ్డుకి అడ్డంగా పరుగెత్తడం ఒకేసారి జరిగాయి. ఒక చెప్పు నా పక్కనే జారిపోయింది.

"ఆపమ్మా! ఆ మూట ఎక్కడ కట్టావు?"

"మీరు కట్టినచోటే కట్టానండీ, ఆ బొత్తానికే. ఏంటో మాస్టారూ, దీనికీ మొదలైంది. నా కాలు…"

"నీ కాలు కాదు! నీ కాలు ఎప్పుడూ కాదు!" అన్నాడు మాస్టారు. "ఆ తాడు విప్పు. బొత్తం లోపలికి నొక్కు. నొక్కావా? ఇప్పుడు రేజు చేసి కాలు తియ్."

చేసింది. చప్పుడు లేదు. మళ్ళీ చేసింది. లేదు.

"నేను కట్టిన ముడమ్మా అది. మొదట్నించీ అదే. బండికి జబ్బు పెట్టింది నేను, తిట్టింది నిన్ను."

వ్యాను ఇంజను ఒక్కటే ఆడుతోంది.

"మీకెప్పుడు తెలిసింది?" అంది ఆవిడ.

"పరీక్ష రోజే."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు కాళ్ళకి దణ్ణం పెడుతుంటే నోరు రాలేదు తల్లీ."

"నేను మా ఆయన మంచం దగ్గరికి పోవాలన్నా ముందు ఏ కాలు పెట్టాలా అని ఆలోచిస్తన్నానండీ. రోజూ. ఆ సంగతి తెలుసా మీకు?"

మాస్టారు తలొంచుకున్నాడనుకుంటా. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తది, తారురోడ్డు మీద కాలుతున్నా కదపలేదు.

అప్పుడు వ్యానులోంచి మూట వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడింది. "ఇది శేషారత్నం గారికి ఇచ్చేయండి. రేపట్నించి మీ ఇంటికి పాలు నేనే పోస్తా," అంది నాంచారమ్మ. "నీళ్ళు కలిపి పోస్తా. నెలంతా నోరు మూసుకుని తాగండి. అదే మీకు ఫైను!"

వ్యాను గేరు పడింది. మలుపు దగ్గర ఆవిడ కాలు తీయడం నాకు తెలిసింది. ఏం పేలలేదు. మాస్టారు చెప్పు కోసం వెతుక్కుంటూ నా పక్కనే వంగాడు, ఆయన మొహం మొదటిసారి చూశాను. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకైతే తెలియలేదు, మొహాలు చూసిన అలవాటు లేదుగా.

ఆ తర్వాత వానాకాలాలు కొన్ని గడిచాయి. కరీముల్లా కొట్టిన రేకు ఎంతకాలం ఆగుతుంది? పొట్ట కింద తుప్పుపట్టి చిల్లుపడింది. జిలానీ నన్ను విప్పి కొత్తవాణ్ణి బిగించాడు. పాత ఇనప సామానువాడు తూకానికి తీసుకెళ్తానంటే మాస్టారు ఇవ్వలేదు. పెయింటు డబ్బాలో సిమెంటు పోసి, అందులో నన్ను నిట్టనిలువుగా నిలబెట్టాడు. మిల్లు కళ్ళంలో హెచ్ మూల మీద కర్రని ఇప్పుడు నేనే. వెనక్కి తిప్పడం రానివాళ్ళు వచ్చి నన్ను గుద్దుతారు. గుద్దితే టంగుమంటాను. ఒంటినిండా సొట్టలు. పడనీండి, నాకిది రావాల్సిందే అనిపిస్తుంది.

మొన్న ఒక కొత్తమ్మాయి గట్టిగా గుద్దింది. గుద్ది, బిక్కచచ్చిపోయి, స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయింది. మాస్టారు దిగొచ్చాడు. ముందు నన్ను చూశాడు. తర్వాత బానెట్టు ఎత్తి లోపల చూశాడు. తర్వాత చోకు బొత్తం నొక్కి చూశాడు. ఆ తర్వాతే ఆ పిల్ల వంక తిరిగాడు.

"నీదేం లేదమ్మా. ఈ డబ్బా నేనే ఇటు జరిపి పెట్టుంటా. నాదే తప్పు," అన్నాడు.

డబ్బా అంగుళం కూడా జరగలేదండీ. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన మాత్రం వంగి, అక్కర్లేకపోయినా నన్ను కాస్త పక్కకి జరిపాడు.